టోపీలు ఎందుకు అతకడం లేదు? సందు చుక్కలతో, గడియారంతో ఒక లెక్క

ప్రశ్న: మా హైస్కూలు సైన్సు ప్రదర్శన కోసం పదమూడు భుజాల ‘టోపీ’ పలకలు (ఈ ఒక్క ఆకారంతోనే నేలంతా నింపొచ్చు, పేర్పు మాత్రం రిపీట్ కాదంటారు) చేయిస్తున్నాం. ఇంటర్నెట్లో దొరికిన బొమ్మను ప్రింటు తీసి, అట్ట మీద అంటించి, పిల్లలు అరవై ముక్కలు కత్తిరించారు. ఇరవై, ఇరవై అయిదు ముక్కల దాకా చక్కగా అతుకుతున్నాయి. తర్వాత ఎక్కడో ఒక సందు మిగిలిపోతోంది, దాంట్లో ఏ ముక్కా పట్టదు. తప్పు కత్తిరింపులో ఉందా, పేర్చడంలోనా? ముక్కను తిరగేసి పెట్టడం మోసం కాదా అని పిల్లలు అడుగుతున్నారు. ‘ఇది ఎప్పటికీ రిపీట్ కాదు’ అన్నమాట అట్టముక్కలతో ఎలా చూపించాలి? హెడ్మాస్టరు గారైతే వరండాలో ఇవే పరిపిద్దామంటున్నారు. మేస్త్రీకి ఏం చెప్పాలి?
గణితం టీచరు, ప్రకాశం జిల్లా

సమాధానం: టీచర్ గారూ, ముందు ఆ సందు ఎలాంటిదో చూడండి. రెండు అంచుల మధ్య సన్నటి చీలికలా ఉండి, దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంటే తప్పు కత్తెరది. సందు మూల సూదిగా, 30 లేదా 60 డిగ్రీల కోణంతో ఉంటే కత్తెర తప్పేమీ లేదు, పేర్పు తప్పింది. మీ వర్ణనను బట్టి రెండోదే అనిపిస్తోంది. అయితే అరవై ముక్కలు అరవై చేతులు కత్తిరించినప్పుడు మొదటిది కూడా కొంత ఉండకపోదు.

కత్తిరింపు సంగతి తొందరగా తేల్చేద్దాం. ప్రింటు తీసేటప్పుడు ‘పేజీకి సరిపెట్టు’ అన్న ఎంపిక ఉంటే బొమ్మ కొద్దిగా కుంచించుకుపోతుంది. అన్నీ ఒకే కొలతకు కుంచించుకుంటే నష్టం లేదు. సగం స్కూల్లో, సగం బయట షాపులో తీయిస్తే మాత్రం రెండు సైజుల టోపీలు చేతికొస్తాయి. ప్రింటు కాగితాన్ని నీళ్ల జిగురుతో అంటిస్తే కాగితం తడిసి సాగుతుంది, అదీ ఒకవైపు ఎక్కువ. గ్లూ స్టిక్ వాడండి. అన్నిటికన్నా మేలైన పద్ధతి, గట్టి అట్టతో ఒక్క అచ్చుముక్క జాగ్రత్తగా చేసి, మిగతావన్నీ దాని చుట్టూ పెన్సిల్ గీసి కోయడం. కత్తిరించిన ముక్క చుట్టూ గీసి ఇంకోటి, దాని చుట్టూ గీసి మరోటి చేస్తే పెన్సిల్ మందం ప్రతి తరంలోనూ కలుస్తూ పోతుంది. లోపలి మూలల్ని కత్తెరతో తిప్పకుండా, రెండువైపుల నుంచి కట్టర్‌తో గీత దాకా కోసి ఆపాలి.

ఇక అసలు ఆకారం. దీన్ని ప్రింటు తీయాల్సిన అవసరమే లేదు. ముగ్గు వేసే చేతికి సందు చుక్కలు కొత్త కాదు కదా. ఒక వరుసలో చుక్కలు పెట్టి, పై వరుస చుక్కల్ని కింది వరుస సందుల్లోకి జరుపుకుంటూ పోతాం. ఏ చుక్క చూసినా దాని చుట్టూ ఆరు చుక్కలు సమాన దూరంలో ఉండాలి, అంతే. చుక్కల మధ్య 2 సెం.మీ. పెడితే వరుసల మధ్య 1.73 సెం.మీ. వస్తుంది. టోపీ మూలలు పదమూడూ ఈ చుక్కల మీదే పడతాయి.

నడక ఎటు అన్నది గడియారం ముల్లుతో చెప్పుకుందాం. బేసి గంటలన్నీ చిన్న అడుగులు, అంటే పక్క చుక్కకు పోవడం. 3 అంటే అదే వరుసలో కుడికి, 9 అంటే ఎడమకు. 1 అంటే పై వరుసలో కుడివైపు దగ్గరి చుక్క, 11 అంటే పై వరుసలో ఎడమవైపుది. 5, 7 అలాగే కింది వరుసలోకి. సరి గంటలన్నీ పెద్ద అడుగులు. 12 అంటే ఒక వరుస వదిలి నిట్టనిలువుగా పైనున్న చుక్క, 6 అంటే నేరుగా కింద. 2 అంటే పై వరుసలో కుడివైపు మొదటి చుక్కను వదిలి రెండోది, 10 అంటే ఎడమవైపు రెండోది. 4, 8 అంతే, కింది వరుసలో. చిన్న అడుగు 2 సెం.మీ. అయితే పెద్ద అడుగు దానికి √3 రెట్లు, 3.46 సెం.మీ.

ఆరు వరుసలు, వరుసకు ఏడు చుక్కలు పెట్టండి. అడుగు వరుస నుంచి లెక్కిస్తూ 2, 4, 6 వరుసల్ని అర దూరం కుడికి జరపండి. మూడో వరుస మూడో చుక్క దగ్గర మొదలుపెట్టి ఇలా నడవండి:

8, 5, 3, 3, 1, 4, 2, 11, 9, 12, 10, 7, 9, 6

పద్నాలుగు అడుగులకు మొదటి చుక్కకే చేరతారు, టోపీ తయారు. రెండు 3లు ఒకే గీత మీద ఉంటాయి కాబట్టి భుజాలు పదమూడే కనిపిస్తాయి. వరసను ఒకసారి మళ్లీ చూడండి. పన్నెండు గంటలూ ఉన్నాయి, 3, 9 మాత్రం రెండేసి సార్లు. ప్రతి అడుగుకూ దాని ఎదురడుగు ఉంది కనుకే నడక మూసుకుంది. సరి గంటల అడుగుల పొడవు మార్చినా, బేసి గంటలవి మార్చినా నడక మూసుకునే తీరుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, నిరూపణ దగ్గర పనికొస్తుంది.

చేతికి వచ్చిన పలక 12 సెం.మీ. పొడవు, 8.66 సెం.మీ. వెడల్పు ఉంటుంది, వైశాల్యం సుమారు 55.4 చదరపు సెం.మీ. ఇంతకన్నా చిన్నది చేయకండి. టోపీకి ఆరు చిన్న భుజాలు, ఆరు పెద్ద భుజాలు, రెండు చిన్నవి కలిసిన భుజం ఒకటి ఉంటాయి. 1 సెం.మీ. చుక్కలతో గీస్తే పెద్ద భుజం 1.73, జంట భుజం 2 సెం.మీ. ఆ 2.7 మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు. పిల్లలు ఒకదాని పక్కన ఇంకోదాన్ని నొక్కి సరిపెట్టేస్తారు. పది ముక్కల తర్వాత ఆ పాపం ఎక్కడో బయటపడుతుంది, మీరేమో అక్కడ వెతుకుతుంటారు.

ఇప్పుడు పేర్పు. ఈ పలకలో నాలుగు రకాల లోపలి కోణాలే ఉన్నాయి: 90 డిగ్రీలవి నాలుగు, 120వి అయిదు, లోపలికి పోయిన మూలల్లో 240వి రెండు, 270వి రెండు. ఒక బిందువు దగ్గర పలకలు కలిస్తే కోణాలన్నీ కూడి 360 కావాలి. 90, 120 పక్కపక్కన చేరాయనుకోండి, మిగిలేది 150. దాన్ని నింపే కోణం మన దగ్గర లేదు. 240 పక్కన 90 చేరితే 30 మిగులుతుంది, అదీ అంతే. జంట భుజం మధ్య బిందువు 180, దాని పక్కకు 120 వస్తే 60 మిగిలి ఆగిపోతుంది. అంటే 90, 180, 270 ఒక కులం, 120, 240 ఇంకో కులం. ఒకే బిందువు దగ్గర ఈ రెండు కులాలకూ పొత్తు కుదరదు.

దీన్ని పిల్లలకు పట్టేలా చేయడం తేలిక. ప్రతి పలక మీద 90, 270 డిగ్రీల మూలల్లోనూ, జంట భుజం మధ్యలోనూ ఎర్ర చుక్క పెట్టించండి. 120, 240 మూలల్లో నీలం చుక్క. మొత్తం పద్నాలుగు చుక్కలు అంచు వెంట ఎరుపు, నీలం, ఎరుపు, నీలం అని ఒకటి విడిచి ఒకటి వస్తాయి. అలా రాకపోతే గీయడంలోనే తప్పుంది. పేర్చేటప్పుడు నియమం ఒక్కటే, ఎరుపు ఎరుపుతో, నీలం నీలంతో. రెండు రంగులు తాకితే ఆ ముక్క వెంటనే తీసేయాలి, ఎంత ముచ్చటగా అతికినట్టున్నా సరే.

ఇంకో రెండు కిటుకులు. మొదట గుంటలు నింపండి, చదునైన అంచులు తర్వాత. 270 మూల బయటివైపు వదిలే 90 డిగ్రీల గుంటలో ఒకే ఒక్క 90 మూల పడుతుంది, 240 వదిలే గుంటలో ఒకే ఒక్క 120 మూల. కాబట్టి గుంట దగ్గర పరీక్షించాల్సిన అవకాశాలు తక్కువ. చదునైన అంచు దగ్గర ఏది పెట్టినా పట్టినట్టే ఉంటుంది, అక్కడే మోసపోతాం. రెండోది, మొదటి పలక స్థిరపడ్డాక మిగతా పలకలకు ఆరు దిక్కులే ఉంటాయి, 60 డిగ్రీల చొప్పున. తిరగేసినవాటికి ఇంకో ఆరు. 30 డిగ్రీలు తిరిగి కూర్చున్న ముక్క ఎక్కడ కనిపించినా అది తప్పే. బల్ల మీద సందు చుక్కల కాగితం పరిచి దాని మీదే పేరిస్తే ఈ తప్పు జరగదు.

ఈ నియమాలన్నీ పాటించినా ఇరుక్కోవచ్చు. అదీ పిల్లల తప్పు కాదు. రంగులు కుదిరినంత మాత్రాన ముందుకు దారి ఉంటుందన్న హామీ లేదు. ఈ పలక గుణమే అది, ఇక్కడ చేసిన ఎంపిక ఫలితం చాలా దూరాన తెలుస్తుంది. ఇరుక్కుంటే చివరి ముక్క ఒక్కటి తీస్తే చాలదు, అయిదారు ముక్కలు వెనక్కి రావాలి. ముక్కల వెనక పెట్టిన వరుస సంఖ్య పెన్సిల్‌తో రాసుకుంటూ పోతే వెనక్కి రావడం గందరగోళం కాదు.

దీనికన్నా ఖాయమైన దారి ఒకటుంది. ఒక్కో పలక కాకుండా నాలుగేసి పలకల గుత్తితో మొదలుపెట్టడం. ఇక్కడే మీ పిల్లల ‘మోసం’ ప్రశ్నకు కూడా జవాబు వస్తుంది. టోపీ పరుపులో కొన్ని పలకలు తప్పనిసరిగా తిరగేసి ఉంటాయి. అలా తిరగేసిన ప్రతి పలకనూ మూడు మామూలు పలకలు ఒకే తీరులో చుట్టుకుని ఉంటాయి. తీరు ఇదీ.

పన్నెండు వరుసలు, వరుసకు పదకొండు చుక్కలు పెట్టండి. ఇందాకటిలాగే సరి వరుసల్ని అర దూరం కుడికి జరపాలి. అడుగు నుంచి మూడో వరుసలో, ఎడమ నుంచి ఏడో చుక్క దగ్గర మొదలుపెట్టి తిరగేసిన పలక గీయండి:

6, 9, 11, 11, 1, 10, 12, 3, 5, 2, 4, 7, 5, 8

నడిచేటప్పుడు మొదటి అడుగు ముగిసిన చుక్కకు ‘క’ అనీ, ఆరో అడుగు ముగిసిన చుక్కకు ‘చ’ అనీ, పదో అడుగు ముగిసిన చుక్కకు ‘ట’ అనీ పేర్లు పెట్టుకోండి. ఇప్పుడు మూడు మామూలు పలకలు.

‘క’ నుంచి: 3, 1, 4, 2, 11, 1, 10, 12, 9, 7, 7, 5, 8, 6

‘చ’ నుంచి: 12, 9, 7, 7, 5, 8, 6, 3, 1, 4, 2, 11, 1, 10

‘ట’ నుంచి: 4, 1, 11, 11, 9, 12, 10, 7, 5, 8, 6, 3, 5, 2

‘చ’ పలక మొదటి టోపీకే ప్రతి గంటకూ నాలుగు కలిపితే వచ్చేది. ‘క’ పలకదీ అదే నడక, మధ్యలో మొదలుపెట్టాం, అంతే. ‘ట’ పలక నాలుగు తీసేస్తే వచ్చేది. మధ్యనున్న తిరగేసిన పలకకు బయటి గాలి తగిలేది ‘క’ దగ్గర మొదలయ్యే ఒక చిన్న భుజం, దాని పక్కనే ఉన్న జంట భుజంలో మొదటి సగం, అంతవరకే. మిగతా చుట్టంతా మూడు పలకలూ కప్పేస్తాయి. మీ బొమ్మలో అలా రాకపోతే 11, 11 అన్నచోట ఒక్కసారే నడిచి ఉంటారు. ఎక్కువగా జరిగే పొరపాటు అదే.

ఈ నాలుగింటినీ వెనకవైపు టేపుతో కలిపి అంటించేయండి. అరవై పలకల్లో ఇలాంటి గుత్తులు ఏడో, ఎనిమిదో చేసుకుని, మిగిలినవి విడి పలకలుగా, తిరగేయకుండా వాడండి. ఈ లెక్క ఊరికే చెప్పింది కాదు. పరుపు పెద్దదయ్యేకొద్దీ ఒక్క తిరగేసిన పలకకు మామూలు పలకలు 6.854 చొప్పున పడతాయని తేలింది. ఈ సంఖ్య 1.618 అనే స్వర్ణ నిష్పత్తికి నాలుగో ఘాతం. వందకు సుమారు 87 మామూలువి, 13 తిరగేసినవి. మీ పిల్లల పరుపులో మూడోవంతు తిరగేసినవే ఉన్నాయంటే అది ఇంకొంచెంసేపట్లో ఆగిపోతుందని ముందే చెప్పొచ్చు.

మరి తిరగేయడం మోసమా? జ్యామితిలో అద్దంలో బొమ్మ కూడా సర్వసమానమే, తొమ్మిదో తరగతి పిల్లలకూ మనం చెప్పేది అదే. కాబట్టి గణితం ప్రకారం ఇది ఒకే పలక. కానీ మీ పిల్లల అసంతృప్తి పెద్ద పెద్దవాళ్లకూ కలిగింది. ఈ ఆకారాన్ని 2022 నవంబరులో కనిపెట్టింది డేవిడ్ స్మిత్, ఇంగ్లండులోని బ్రిడ్లింగ్టన్ ఊళ్లో ఉండే రిటైరైన ప్రింటింగ్ టెక్నీషియన్. ఆయన కూడా అట్టముక్కలు కోసి బల్ల మీద పేర్చి చూసినవాడే. తర్వాత క్రెయిగ్ కాప్లాన్, జోసెఫ్ మైయర్స్, హైమ్ గుడ్‌మన్ స్ట్రాస్ కలిసి నిరూపణ పూర్తి చేసి 2023 మార్చి 20న బయటపెట్టారు. తిరగేయడం మీద గొణుగుడు మొదలయ్యేసరికి, ఆ నలుగురే అదే ఏడాది మే నెలాఖరులో ‘స్పెక్టర్’ అనే ఇంకో పలకతో వచ్చారు. దాని పరుపులో తిరగేసిన ముక్క ఒక్కటీ ఉండదు.

దాన్ని గీయడానికి మీకు కొత్తగా ఏమీ అక్కర్లేదు. ఇందాకటి నడకే, 8, 5, 3, 3, 1... కాకపోతే చిన్న, పెద్ద తేడా లేకుండా పద్నాలుగు అడుగులూ ఒకే పొడవు. అప్పుడు మూలలు సందు చుక్కల మీద పడవు, కోణమానిని పట్టుకోక తప్పదు. కోణాలు మాత్రం టోపీవే. ఇలా వచ్చిన తిన్నటి అంచుల పలకను తిరగేయకుండా వాడితే పరుపు ఎప్పటికీ ఆవర్తనం కాదు, అంటే రిపీట్ కాదు. తిరగేయడానికి ఒప్పుకుంటే మాత్రం ఆవర్తనంగా పేర్చేయొచ్చు. అందుకే అసలు స్పెక్టర్‌కు తిన్నటి అంచులకు బదులు వంపు అంచులు పెట్టారు, తిరగేసిన ముక్క పక్కన పట్టకుండా. మీ ప్రదర్శనకు టోపీయే మేలని నా అభిప్రాయం. చుక్కల మీద కుదురుతుంది, తప్పు వెంటనే కనిపిస్తుంది. స్పెక్టర్‌లో పలకలు 30 డిగ్రీలు తిరిగి కూడా కూర్చుంటాయి కాబట్టి ఇందాకటి దిక్కుల కిటుకు దానికి పనికిరాదు.

‘రిపీట్ కాదు’ అన్నమాట దగ్గర చాలామంది జారిపడతారు, తీర్పు చెప్పే న్యాయనిర్ణేతలతో సహా. రెండు పొరపాట్లు. ఒకటి, ఏ చిన్న ముక్కా మళ్లీ కనిపించదనుకోవడం. కనిపిస్తుంది. ఇందాకటి నాలుగు పలకల గుత్తే వేలసార్లు వస్తుంది. పరుపులో ఎంత పెద్ద భాగం తీసుకున్నా అది ఇంకెక్కడో మళ్లీ ఉంటుంది. లేనిది ఒక్కటే, పరుపు మొత్తాన్ని ఎటో కొంత దూరం జరిపి దాని మీదే అచ్చంగా కూర్చోబెట్టే జరుపుడు. రెండో పొరపాటు, ఆవర్తనం లేకపోవడమే వింత అనుకోవడం. మామూలు ఇటుకలతోనూ అలా పేర్చొచ్చు, వరుసకో తీరుగా ఇష్టమొచ్చినంత జరిపితే సరి. వింతంతా ఏమిటంటే, ఇటుకతో ఆవర్తనంగా పేర్చడమూ కుదురుతుంది, టోపీతో కావాలన్నా కుదరదు.

చూపించడానికి ప్లాస్టిక్ పారదర్శక షీట్లు వాడండి. పూర్తయిన పరుపు ఫొటోను రెండు షీట్ల మీద ఒకే సైజులో ప్రింటు తీయించి, ఒకదాని మీద ఇంకోటి జరపమనండి. పక్కనే బాత్‌రూమ్ గచ్చు చతురస్రాల షీట్లు ఒక జత పెట్టండి. చతురస్రాలు ఒక గడి జరిపితే పూర్తిగా కలిసిపోతాయి. టోపీల షీట్లు కొన్నిచోట్ల చాలా భాగం కలిసి, మిగతాచోట్ల మొండికేస్తాయి. చూసినవాళ్ల చెయ్యి ఆగదు, ఇంకొంచెం జరిపితే కలుస్తుందేమోనని. అరవై పలకలు దీనికి చాలవు, కనీసం రెండు వందలైనా ఉన్న బొమ్మ కావాలి. తిరగేసిన పలకలకు ముదురు రంగు వేయించండి, తేడా దూరానికి కనిపిస్తుంది.

షీట్లు జరపడం నిరూపణ కాదు కదా అని ఎవరైనా చురుకైన పిల్ల అడిగితే, ఇందాక గుర్తుంచుకోమన్నది బయటికి తీయండి. సరి గంటల అడుగులన్నీ సున్నా చేసేయండి. మిగిలే నడక 5, 3, 3, 1, 11, 9, 7, 9. చుక్కల కాగితం మీద గీస్తే సరిగ్గా 8 చిన్న సమబాహు త్రిభుజాల ఆకారం వస్తుంది. ఈసారి బేసి గంటల్ని సున్నా చేయండి. 8, 4, 2, 12, 10, 6 మిగులుతాయి. అడుగు అదే పొడవు తీసుకుంటే 4 త్రిభుజాల ఆకారం. టోపీ పరుపులో అంచుల పొడవును మెల్లగా మారుస్తూ పోతే, అదే అమరికతో ఈ రెండు ఆకారాల పరుపులుగా మారుతుంది. ఇప్పుడు టోపీ పరుపు ఆవర్తనమే అనుకుందాం. అప్పుడు ఈ రెండు పరుపులూ ఆవర్తనమే కావాలి, ఒక్కో ఆవర్తనంలో పలకల సంఖ్య సమానం కావాలి. పలక వైశాల్యాలు 2కు 1 కాబట్టి, ఒకదాని ఆవర్తన జాలం (పరుపు రిపీట్ అయ్యే చోట్లను చూపే చుక్కల వల) ఇంకోదానికి √2 రెట్లు సాగదీసినట్టు ఉండాలి. రెండు జాలాలూ ఒకే రూపంలో ఉండాలన్నది ఆ నలుగురూ విడిగా చూపించారు, అది కొంచెం కష్టమైన భాగం. కానీ సందు చుక్కల్లో రెండు చుక్కల మధ్య దూరపు వర్గం ఎప్పుడూ p² + pq + q² రూపంలోనే వస్తుంది: 1, 3, 4, 7, 9, 12, 13 ఇలా. వీటిలో ఏ రెండింటి నిష్పత్తీ 2 కాదు, ఎందుకంటే ఈ సంఖ్యల్లో 2 అనే కారణాంకం వస్తే జతగానే వస్తుంది. √2 రెట్లు సాగదీయడం ఈ చుక్కల మీద సాధ్యం కాదు. కాబట్టి మొదటి ఊహ తప్పు. పదో తరగతి పిల్లలతో ఆ సంఖ్యల పట్టిక వేయించండి, 28 దాకా వేస్తే జత సంగతి వాళ్లే పట్టేస్తారు.

ఇలాంటి పలకను ‘ఐన్‌స్టీన్’ అంటారు, ఆ పేరు గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. జర్మన్ భాషలో ‘ఐన్ ష్టైన్’ అంటే ఒక రాయి, ఒకే పలక అన్న అర్థంలో సరదాగా పెట్టిన మాట. సాపేక్ష సిద్ధాంతం ఐన్‌స్టీన్‌కూ దీనికీ చుట్టరికం లేదు. రిపీట్ కాకుండా మాత్రమే పేర్చగల పలకల వెతుకులాట 1960లలో గణితవేత్త రాబర్ట్ బెర్జర్ 20,426 రకాల పలకల సమితితో మొదలై, 1971లో రాబిన్సన్ 6 రకాలకు, 1974 నాటికి పెన్రోజ్ 2 రకాలకు దిగింది. ఆ రెండు ఒకటి కావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది.

చివరికి హెడ్మాస్టరు గారి వరండా. పింగాణీ పలకల్ని టోపీ ఆకారంలో కోయించొద్దు. నాలుగు లోపలి మూలలున్నాయి, గ్రైండర్ బ్లేడు మూల దగ్గర గీత దాటి లోపలికి కోసేస్తుంది, అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. పైగా మెరుపు ఒక్కవైపే ఉంటుంది కాబట్టి తిరగేసిన పలకలు విడిగా వేరే అచ్చుతో కోయాలి.

టోపీని ఎనిమిది గాలిపటాలుగా విడగొట్టండి. క్రమ షడ్భుజి కేంద్రం నుంచి ఆరు భుజాల మధ్య బిందువులకు గీతలు గీస్తే వచ్చే ఆరు ముక్కల్లో ఒక్కోటి ఒక గాలిపటం. కోణాలు 60, 90, 120, 90. చిన్న భుజం 9.5 సెం.మీ. పెడితే పెద్ద భుజం 16.45 సెం.మీ., కేంద్రం నుంచి ఎదురు మూలకు 19 సెం.మీ., అడ్డం 16.45. ఒక గాలిపటం సుమారు 156 చదరపు సెం.మీ., పది చదరపు మీటర్లకు 640 ముక్కలు, విరిగేవాటికి ఇంకో పదో వంతు కలపండి. అన్నీ తిన్నటి కోతలే. ఒక ముక్క పక్కన ఇంకో ముక్కను 180 డిగ్రీలు తిప్పి గుర్తు పెట్టుకుంటూ కోస్తే వృథా తగ్గుతుంది. గాలిపటం రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి తిరగేసే గొడవే లేదు. పలకల మధ్య 2 మి.మీ. సందు వదిలేటట్టయితే ముక్కను ఆ మేరకు తగ్గించి కోయమనండి, లేకపోతే పది ముక్కల దూరంలోనే గీతలు 2 సెం.మీ. పక్కకు పోతాయి.

మేస్త్రీకి ఇది మామూలు షడ్భుజాల పరుపే, ఎక్కడా తికమక లేదు, తాడు కట్టి వేసుకుపోతాడు. ఏ గాలిపటం ఏ రంగన్నదే టోపీని పుట్టిస్తుంది. తాకే టోపీలకు వేర్వేరు రంగులు రావాలంటే మామూలు పలకలకు నాలుగు రంగులు చాలు, తిరగేసినవాటికి అయిదోది. ముందు చుక్కల కాగితం మీద వరండా మొత్తం గీసి, ప్రతి గాలిపటంలో రంగు అంకె వేసి, వరుస చొప్పున జిరాక్స్ తీసి మేస్త్రీ చేతికివ్వండి. గోడ పక్కన సగం టోపీలు తెగిపోతాయి, వాటినీ కాగితం మీద గీసే ఉంచండి. అంచు దగ్గర ఇష్టమొచ్చిన రంగు వేయిస్తే, రేపు వరండా పొడిగించినప్పుడు పాత పరుపుకు కొత్తది అతకదు.